నాలుగో వారం

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన తండ్రికి ఇక కరెంటు పెట్టించాలి. డాక్టర్లు రేడియేషన్ అంటారు, మా మెట్టలో కరెంటు పెట్టడం, లైటు పెట్టడం అంటారు. ఆ పనికి తండ్రిని ఎలా సిద్ధం చేయాలన్న దాని మీద ఒక అక్కా తమ్ముడూ పడిన వాదన ఇది. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే. వాళ్ళ వాదన మాత్రం జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు చాలా ఇళ్ళకు కొత్త కాదు. తమ్ముడు జగ్గయ్యపేట పక్క పల్లెలో పత్తి, మిరప సాగు చేస్తాడు. అక్క నందిగామలో హైస్కూలు టీచరు. తండ్రికి 68 ఏళ్ళు, చిన్నప్పటి నుంచీ చుట్ట అలవాటు. ఎడమ బుగ్గలో మానని పుండును విజయవాడలో కోసి తీసి పదిహేను రోజులైంది. రేడియేషన్ డాక్టరును కలవడానికి అక్క ఒక్కతే రిపోర్టుల ఫైలు పట్టుకుని వెళ్ళొచ్చింది. శ్రావణ మాసం, పొలంలో పని ముమ్మరంగా ఉన్న రోజులు.

నేను అక్క వైపే. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. అయితే తమ్ముడు అడిగినవాటిలో అక్క దగ్గర జవాబు లేనివీ ఉన్నాయి. వాటిని దాచదలచుకోలేదు.

తమ్ముడు: ఇందాకట్నుంచి పళ్ళ డాక్టరు, పళ్ళ డాక్టరు అంటున్నావు. నోట్లో కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ముక్కులో గొట్టం మొన్న తీశారు. ఇప్పుడు మళ్ళీ పళ్ళు పీకించడమేందక్కా? కరెంటు ఆలస్యం చేయొద్దని ఆపరేషన్ చేసినాయనే అన్నాడు కదా.

అక్క: ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలన్నాడు. రెండు అయిపోయాయి, నాలుగున్నాయి. కింది దవడలో వెనక రెండు పళ్ళు పుచ్చిపోయాయి, ఒకటి కదులుతోంది. ఇప్పుడు తీయించేస్తే రెండు వారాల్లో ఆ గాయం మూసుకుంటుంది. మాస్కు, స్కాను, ప్లాను పనులు ఆ వెనకే జరుగుతాయి. తీయించకుండా కరెంటు పెడితే దవడ ఎముకకు రక్తం అందడం తగ్గిపోతుందట. తర్వాత ఏడాదికో ఐదేళ్ళకో ఆ పన్ను పీకాల్సి వస్తే గాయం మానదు, ఎముకే చచ్చిపోవడం మొదలవుతుంది. పీకేదేదో ముందే పీకించండి, ఆ తర్వాత మమ్మల్ని అడక్కుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి అన్నాడు రేడియేషన్ డాక్టరు.

తమ్ముడు: పీకేటప్పుడు ఎందుకురా అని అడగడా నాన్న? ఏం చెప్తాం?

అక్క: ఉన్నది చెప్తాం.

తమ్ముడు: అదుగో, ఎటు తిరిగినా నువ్వు అక్కడికే వస్తావు. పుండు తీసేశారు, మళ్ళీ రాకుండా లైటు పెడతారు అని చెప్పాం. అంతవరకు చాలు. మన బజారు చివరింటి పెద్దాయన సంగతి మర్చిపోయావా? నిక్షేపంగా ఉన్న మనిషి. కొడుకు నోరుజారి చెప్పాడు. ఆ రాత్రి నుంచి కంచం ముట్టలేదు. పొలం పంచేశాడు, బాకీలు రాయించాడు, మూణ్ణెల్లలో పోయాడు. రోగం చంపిందా, కొడుకు మాట చంపిందా?

అక్క: ఆయన వైద్యానికి వెళ్ళాడా?

తమ్ముడు: వెళ్ళనన్నాడు.

అక్క: ఆయనకు రోగం పేరు చెప్పారు. ఆ తర్వాత ఏం చేయొచ్చో, ఎన్నాళ్ళు పడుతుందో, ఏ నొప్పి వస్తుందో, అది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేదు. సగం చెప్పి వదిలేశారు. ఆ సగం మనమూ చెప్పొద్దు. చెబితే పూర్తిగా చెప్పాలి. నువ్వు చెప్పకపోయినా హాస్పిటల్ చెబుతుంది. ముప్పై రోజులు ఆ హాల్లో కూర్చోవాలి. పక్క కుర్చీలో తెనాలి నుంచో మైలవరం నుంచో వచ్చినాయన, ‘మీకెక్కడండీ? నాకు గొంతులో’ అంటాడు. గోడ నిండా బోర్డులు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలని మనిషికి అవి కనబడవా? సంతకం కూడా ఆయనే పెట్టాలి. మన ఇద్దరి సంతకాలూ ఆయన సంతకం కావు.

తమ్ముడు: ఆయనకు ఇప్పటికే తెలిసి ఉండొచ్చక్కా. ముక్క తీసి పరీక్షకు పంపిన నాడే తెలిసి ఉంటుంది. తెలిసీ అడగడంలేదు. మనమూ అనడంలేదు. ఆయనకు అదే ఒక ఆసరా అయితే? నోరు తెరిచి అనేశాక ఆ ఆసరా ఎక్కడి నుంచి తెస్తావు?

ఈ మాటకు అక్క దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళు అలాగే బతుకుతారు. తెలిసినా తెలియనట్టు ఉండటం వాళ్ళు పిల్లలకు ఇచ్చే ఊరట. దాన్ని పిరికితనం అనడం అన్యాయం. అక్క పంతం వదల్లేదు కానీ వాదన దారి మార్చింది.

అక్క: సరే, రోగం పేరు పక్కన పెట్టు. ఆ గదిలో ఏం జరుగుతుందో విను. చెప్పకుండా ఆ పని ఎలా చేయిస్తావో నువ్వే చెప్పు. ముందు మాస్కు చేస్తారు. చిల్లుల ప్లాస్టిక్ షీటు ఒకటి ఉంటుంది, వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి, గడ్డం, ముక్కు, మెడ చుట్టూ ఒత్తుతారు. కొద్ది నిమిషాల్లో చల్లారి ఆ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. దాంతోనే స్కాను తీస్తారు. ఆ స్కాను మీద డాక్టరు, ఫిజిసిస్టు కూర్చుని ఎక్కడ ఎంత పడాలో, వెన్నుపాముకు, రెండో వైపు లాలాజల గ్రంథికి ఎంతకు మించి పడకూడదో లెక్క కడతారు. దానికే కొన్ని రోజులు పడుతుంది. ఇక రోజూ ఆ మాస్కు తొడిగి బల్లకు బిగిస్తారు. తల కదలదు, నోరు తెరవలేడు. అందరూ బయటికి పోయి తలుపు వేసేస్తారు. పది పదిహేను నిమిషాలు ఆయన ఒక్కడే. ఏమీ తెలియని మనిషికి అది చేస్తే మర్నాడు వస్తాడా?

తమ్ముడు: రాడు.

అక్క: అందుకే. మిషను తగలదు, కాలదు, ఎక్స్‌రే తీసినంతే, ఏమీ తెలియదు అని ముందే చెప్పాలి. లోపల కెమెరా ఉంటుంది, బయట నిన్ను చూస్తూ ఉంటారు, చెయ్యెత్తితే ఆపేసి లోపలికొస్తారు అని చెప్పాలి. నులకమంచం మీద కాదు, అరుగు మీద వెల్లకిలా, తల కింద దిండు లేకుండా, పావుగంట కదలకుండా పడుకోవడం ఇప్పట్నుంచే అలవాటు చేయించాలి. ఇంటికొచ్చాక పిల్లల్ని ఎత్తుకోవచ్చా అని అడుగుతాడు చూడు. నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. బయటి నుంచి పెట్టే కరెంటు ఒంట్లో మిగలదు. మిషను ఆగిందంటే అంతా అయిపోయినట్టే.

తమ్ముడు: మాస్కు అంటే గుర్తొచ్చింది. తిరుపతమ్మ తల్లికి అమ్మ మొక్కుకుంది, నాన్నకు గుండు చేయించి తీసుకొస్తానని. ఆపరేషన్ తొందరలో కుదరలేదు. కరెంటు అయిపోయాక పెనుగంచిప్రోలు వెళ్దామనుకున్నాం.

అక్క: కాదు, ముందే వెళ్ళండి. జుట్టుతో చేసిన మాస్కు గుండయ్యాక వదులవుతుంది. గడ్డం కూడా మాస్కు వేసే రోజు ఎలా ఉందో తర్వాత అలాగే ఉండాలి. ఈ వారమే మొక్కు తీర్చేయండి. నేనూ వస్తా.

తమ్ముడు: ఆ ఒక్కదాంట్లో కలిశాం. ఇప్పుడు అసలు సంగతికి రా. హైదరాబాదు తీసుకెళ్దాం. డబ్బు గురించి ఆలోచించకు. బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఎమ్మెన్జే ఉంది. పెద్ద మిషన్లు. ఒక్క తండ్రి మనకు.

అక్క: రెండూ గొప్పవే. ఎమ్మెన్జే 1955 నుంచి బీదాబిక్కీని చూస్తోంది. బసవతారకం ఆస్పత్రి, ఎన్టీఆర్ గారి భార్య 1985లో క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరు మీద 2000లో తెరిచారు. రేడియేషన్‌లో ప్రపంచమంతా పేరున్న నోరి దత్తాత్రేయుడు గారు మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టినవారే, న్యూయార్కులో వైద్యం చేసి 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ఒకప్పుడు మన మెట్ట నుంచి కరెంటు పెట్టించుకోవాలంటే హైదరాబాదో వేలూరో పోవాల్సిందే. ఇప్పుడు విజయవాడ, మంగళగిరి, గుంటూరు వైపే మిషన్లున్నాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్ళు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ఊరు పేరు చూసి వెళ్ళొద్దు, అడగాల్సింది అడుగుదాం. మిషను లీనియర్ యాక్సిలరేటరేనా? చుట్టుపక్కల భాగాలకు తక్కువ పడేలా మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతిలో పెడతారా? అలా పెడితే రెండోవైపు లాలాజల గ్రంథిని చాలావరకు కాపాడొచ్చు, జీవితాంతం నోరు ఎండిపోయే బాధ తగ్గుతుంది. మన కార్డు మీద ఆ పద్ధతికి అనుమతి వస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు దగ్గర్లో అవునన్న జవాబొస్తే, రెండొందల కిలోమీటర్లు ఎందుకు?

తమ్ముడు: ఆరోగ్యశ్రీ కదా, అన్నీ వస్తాయి.

అక్క: ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో మొదలైన పథకమే, పేర్లు మారాయి. రేడియేషన్‌కు వర్తిస్తుంది. కానీ అనుమతి వచ్చాకే మొదలుపెడతారు. ఆపరేషన్ నోట్సు, కోసి తీసిన ముక్క రిపోర్టు, స్కాన్లు, రేషన్ కార్డు, ఆధార్, అన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. ముందు హాస్పిటల్లోని ఆ డెస్కు దగ్గరికెళ్ళాలి. సందేహముంటే 104కు ఫోన్ చేయాలి. ఆ పని నువ్వు చెయ్యి, నువ్వు గట్టిగా అడగగలవు.

తమ్ముడు: చేస్తా. కానీ దగ్గర్లో అయితే ఇంటి నుంచే పోయొస్తాడు నాన్న. పేట నుంచి విజయవాడ ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు. అమ్మ వండింది తింటాడు, తన మంచం మీద పడుకుంటాడు.

అక్క: డెబ్బై ఎనభై కిలోమీటర్లు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. మొదటి వారం నువ్వన్నట్టే జరుగుతుంది. రెండో వారం కూడా ఈడ్చొచ్చు. నేను మొదటి రోజు గురించి కాదురా సిద్ధం చేయమనేది. నాలుగో వారం గురించి.

తమ్ముడు: నాలుగో వారంలో ఏముంది?

అక్క: మొదటి పది రోజులు ఏమీ తెలియదు. ఇంతేనా అనుకుంటాడు, ఊళ్ళో అందరికీ చెబుతాడు. రెండో వారం చివరికి నోరు ఎర్రబడుతుంది, రుచి పోతుంది. మూడో వారానికి నోరంతా పూస్తుంది. ఉమ్మి జిగటగా, తీగలు సాగుతుంది. మజ్జిగ కూడా మండుతుంది. బుగ్గ మీద, మెడ మీద చర్మం నల్లబడి ఊడుతుంది. బరువు తగ్గితే మాస్కు వదులవుతుంది, మరీ వదులైతే మళ్ళీ చేసి మళ్ళీ ప్లాను వేయాలి. అప్పుడు అంటాడు, ‘ఒక వారం ఆపండిరా, కాస్త తేరుకున్నాక పోదాం’ అని. అమ్మ కూడా అదే అంటుంది. నువ్వూ అంటావు. అక్కడే మనం ఓడిపోతాం.

తమ్ముడు: ఒక వారం ఆపితే ఏమవుతుంది? మనిషే ముఖ్యం కదా.

అక్క: నువ్వు పత్తిలో గుంటక తోలుతూ సగంలో ఆపేస్తే కలుపు ఏమవుతుంది?

తమ్ముడు: రెట్టింపై లేస్తుంది.

అక్క: అదే ఇదీ.

అక్క ఇంత కచ్చితంగా అనడానికి ఆధారం ఉంది. 1988లో విదర్స్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు తల, మెడ క్యాన్సర్ల వైద్య వివరాలను పోల్చి చూశారు. వైద్యం మొదలైన సుమారు నాలుగు వారాల తర్వాత, బతికి ఉన్న క్యాన్సర్ కణాలు మునుపటి కంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయని తేల్చారు. ఆ దశలో వైద్యం సాగిన కొద్దీ, పోగొట్టుకున్న ప్రతి రోజుకూ రోగం అదుపులో ఉండే అవకాశం నూటికి ఒకటి, ఒకటిన్నర చొప్పున తగ్గుతుందని తర్వాతి లెక్కలు చెప్పాయి. ఆపరేషన్ తర్వాత పెట్టే మోతాదు మామూలుగా 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత). రోజుకు 2 గ్రే చొప్పున 30 సిట్టింగులు. ఒకేసారి పెట్టకుండా ఇలా విడగొట్టడానికి కారణం, మంచి కణాలు ఒక రోజులో కాస్త కోలుకోగలవు, క్యాన్సర్ కణాలు అంతగా కోలుకోలేవు. ఆ తేడా మీదే ఈ వైద్యమంతా నిలబడింది. శని, ఆదివారాల విరామం ఈ లెక్కలోదే. దానికి మించిన విరామం ఇస్తే కోలుకునేది క్యాన్సరే. నోరు బాగా పూసిన రోజులూ, ఆపకూడని రోజులూ ఒకేసారి రావడం ఈ వైద్యంలోని క్రూరత్వం. పిల్లలు తల్లిదండ్రుల్ని సిద్ధం చేయాల్సింది దీనికే. ఆ సంగతి మొదటి రోజే చెప్పే ఇల్లు చాలా అరుదు.

తమ్ముడు: అంత బాధలో రోజూ ఎలా తీసుకెళ్ళమంటావు మరి?

అక్క: అందుకే బాధ రాకముందే పని మొదలుపెట్టాలి. లీటరు నీళ్ళలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి, తిన్న ప్రతిసారీ, మధ్యలోనూ పుక్కిలించాలి. నోరు పూసే దాకా ఆగొద్దు, ఇవాళే మొదలుపెట్టాలి. నోరు తెరవడం కసరత్తు కూడా చేయించాలి. ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా పెట్టి, ఎన్ని పడుతున్నాయో చూసుకుంటూ, రోజుకు కొన్నిసార్లు. బుగ్గలో ఆపరేషన్, దాని మీద కరెంటు, రెండూ దవడను బిగించేస్తాయి. ఒకసారి బిగిస్తే మళ్ళీ తెరవడం కష్టం. తిండి నుంచి కారం తీసేయాలి.

తమ్ముడు: మిరప పండించే ఇంట్లోనా?

అక్క: మిరప పండించే ఇంట్లోనే. గొడ్డుకారం, ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, వేయించినవి, అన్నీ బంద్. చప్పటి పప్పుకట్టు, మెత్తగా వండిన అన్నం నెయ్యితో, మెత్తగా గిలకొట్టిన కోడిగుడ్డు, పాలలో చేసిన సగ్గుబియ్యం, రాగిజావ, అరటిపండు, మీగడ తీయని పెరుగు. రోజుకు మూడుసార్లు కాదు, ఆరుసార్లు. వారం వారం బరువు చూడాలి. మింగలేనంత మంటగా ఉంటే, తినే ముందు వేసుకునే నొప్పి మందు ఇస్తారు, సిగ్గుపడకుండా అడగాలి. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ ముక్కులో గొట్టం వేస్తారు. అది ఓటమి కాదు, వైద్యం ఆగకుండా ఉండటానికి దారి. అదీ ముందే చెప్పాలి. చర్మం మీద పసుపు, వెన్న, కొబ్బరినూనె, పౌడరు ఏదీ పూయొద్దు, వాళ్ళిచ్చింది తప్ప. అమ్మ ఊరుకోదు, ఆమెకు నువ్వు చెప్పు. మెడ చుట్టూ కాలరు రాసుకోని చొక్కా, మెత్తటి పాత పంచె గుడ్డ.

తమ్ముడు: చుట్ట గురించి ఎత్తలేదేంటా అని చూస్తున్నా.

అక్క: ఆపరేషన్ అయ్యాక మానేశాడు కదా?

తమ్ముడు: నీ ముందు మానేశాడు.

దీని మీద నేను ఒక లెక్క చెప్పాలి. 1993లో కెనడా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ పెట్టించుకుంటూ పొగ మానని వాళ్ళలో గడ్డ పూర్తిగా కరిగింది నూటికి 45 మందిలో. మానిన వాళ్ళలో 74 మందిలో. రేడియేషన్ బాగా పనిచేయాలంటే కణాలకు ప్రాణవాయువు అందుతూ ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆ చోటును ఆక్రమిస్తుంది. రక్తహీనత ఉన్నా ఇదే ఇబ్బంది, అందుకే మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ చూస్తారు. 68 ఏళ్ళ మనిషిని ఇప్పుడు మానమనడం దయలేని పనని కొడుకులు అనుకుంటారు, చాటుగా ఒకటి రెండు తెచ్చిస్తారు. అంత ఖర్చు, అంత బాధ పడి పెట్టించే కరెంటును ఆ చుట్టే బలహీనం చేస్తుందని తెలిస్తే తెచ్చివ్వరు.

అక్క: ఇక ఉండటం గురించి. నాన్న నా దగ్గర ఉండాలి. నందిగామ నుంచి గంట, గంటన్నర. బావ పొద్దున తీసుకెళ్తే నేను మధ్యాహ్నం బడి నుంచి రాగానే అందుకుంటా. మెట్ట నుంచి వస్తున్నామని చెప్పి రోజూ ఒకే టైము అడుగుదాం.

తమ్ముడు: అదే కుదరదు. కొడుకు ఉండగా అల్లుడింట్లో ఆరు వారాలా? ఊళ్ళో ఏమంటారు? రోగం వచ్చాక తండ్రిని కూతురికి అంటగట్టాడంటారు. నా సంగతి పోనీ, నాన్న ఒప్పుకోడు. నీ గృహప్రవేశానికి వచ్చి కూడా రాత్రికి ఉండకుండా ఆఖరి బస్సుకు తిరిగొచ్చిన మనిషి.

అక్క: నా కాన్పులు రెండూ ఆ ఇంట్లోనే జరిగాయి. ఒక్కోసారి మూణ్ణెల్లు ఉన్నా. బావ వాళ్ళమ్మ ఒక్క మాట అనలేదు, ఊరూ అనలేదు. నాకు ఒళ్ళు బాగాలేనప్పుడు నేను ఆయనింట్లో ఉండొచ్చు, ఆయనకు బాగాలేనప్పుడు నా ఇంట్లో ఉండకూడదా? ఈ లెక్క ఎవరు పెట్టారు?

తమ్ముడు: లెక్క నేను పెట్టలేదు. ఉన్నదాన్ని మోస్తున్నా. ఇంకోటి చెప్పనా? నందిగామలో ఉన్నంత మాత్రాన దారి తెరుచుకోదు. 2023 జులైలో మునేరు ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చింది, బండ్లన్నీ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ అంతే, మా వైపు గరికపాడు దగ్గర పాలేరు కూడా దారి తెంపేసింది. నందిగామ నుంచి విజయవాడ పోవాలన్నా ఐతవరం దాటాల్సిందే. ఇది శ్రావణం. భాద్రపదం దాటి నడిచే వైద్యం ఇది. దానికేం చెప్తావు?

అక్క తన నోటుపుస్తకంలో ఐతవరం గురించి ఏమీ రాసుకోలేదు. అన్నీ అడిగి వచ్చిన మనిషికి తట్టనిది, పొలం నీళ్ళ మీద కన్నేసి బతికే తమ్ముడికి తట్టింది. ఈ వాదనలో నన్ను బాగా ఆలోచింపజేసిన మాట ఇదే. ఆస్పత్రి ఇచ్చే సూచనల కాగితంలో మునేరు ఉండదు.

అక్క: ఇది నిజమేరా. నేను అనుకోలేదు. ఒక రోజు పోతే ఏం చేస్తారో డాక్టరు చెప్పాడు కానీ. శనివారం పెట్టొచ్చు, లేదా ఒకే రోజు రెండుసార్లు, మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం ఇచ్చి పెడతారట. మిషను పాడైనా, వినాయక చవితి సెలవొచ్చినా అంతే. మనం చేయాల్సింది వెంటనే ఫోన్ చేసి చెప్పడం, తర్వాత చూద్దాంలే అని ఊరుకోకపోవడం.

తమ్ముడు: అలా కాదు. వాన హెచ్చరిక వచ్చిన ముందు రోజే విజయవాడ వెళ్ళి ఉండిపోవాలి. భవానీపురంలో నా స్నేహితుడి ఇల్లుంది. ఇవాళే అడిగి పెడతా. ఎగువన ఖమ్మంలో వాన పడుతుంటే రేపు మునేరు సంగతి నాకు తెలుస్తుంది, నీకు తెలియదు. అది నా పని.

అక్క: అది నీ పని. ఒప్పుకున్నా.

తమ్ముడు: అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ ఇంట్లో. శుక్రవారం సిట్టింగు అయ్యాక అటు నుంచి అటే పేటకు తీసుకెళ్తా. రెండు రాత్రులు తన ఇంట్లో పడుకుంటాడు, పొలం చూసుకుంటాడు. అలా అయితే ఒప్పుకుంటాడేమో. అల్లుడింట్లో కాపురం పెట్టినట్టుండదు.

అక్క: ఆ రెండు రోజుల్లో అరుగు మీద కూర్చుని చుట్ట అందించే వాళ్ళు ఎవరో నాకు తెలుసు.

తమ్ముడు: ఆ సంగతి నాకొదిలెయ్. ఆఖరి సిట్టింగు అయిపోయాక మాత్రం ఇంటికే రావాలి.

అక్క: తీసుకెళ్ళొచ్చు. కానీ అయిపోయిందని వదిలేయకు. కరెంటు ఆగాక కూడా రెండు వారాల దాకా నోరు అలాగే ఉంటుంది, కొందరికి ముదురుతుంది. అప్పుడు ఎవరూ రోజూ చూడరు కాబట్టి అదే ప్రమాదం. పుండ్లు కొన్ని వారాల్లో మానతాయి. రుచి రావడానికి నెలలు పడుతుంది. ఉమ్మి పూర్తిగా రాకపోవచ్చు, నీళ్ళ సీసా చేతిలోనే ఉండాలి. మెడకు కరెంటు పెట్టించుకున్న వాళ్ళకు థైరాయిడ్ తగ్గొచ్చు, ఆరు నెలలకో ఏడాదికో రక్తపరీక్ష చేయించాలి. ఇవన్నీ రాసిస్తా, గోడకు అంటించు.

తమ్ముడు: సరే. ఇక చెప్పడం గురించి. చెప్పాల్సిందే అంటే నేనే చెప్తా. నువ్వు చెబితే పాఠం అయిపోతుంది.

అక్క: ఏమని చెప్తావు?

తమ్ముడు: ‘నాన్నా, నీ బుగ్గలో తీసింది క్యాన్సర్. తీసేశారు. కంటికి కనబడకుండా మిగిలిందేమన్నా ఉంటే దాన్ని చంపడానికి ముప్పై రోజులు కరెంటు పెడతారు. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. రెండు వారాలయ్యాక నోరు పూస్తుంది. నాలుగో వారంలో ఇక చాలురా అంటావు. అప్పుడు నువ్వు చెప్పినా నేను వినను.’

అక్క: ఆ చివరి మాట తీసెయ్. వినను అనకు. ‘నాలుగో వారంలో నువ్వు చాలంటే నన్నేం చేయమంటావు?’ అని ఆయన్నే అడుగు.

తమ్ముడు: ఆపెయ్‌మంటే?

అక్క: ఆపితే ఏమవుతుందో చెప్పు, కలుపు సంగతే చెప్పు, ఆయనకు నీకంటే బాగా తెలుసు. అంతా విన్నాక కూడా ఆపమంటే అది ఆయన మాట, మనం వినాలి. కానీ ఆ మాట నోరు పూసి, నిద్రలేక, ఏడుస్తున్న రోజున అడగకూడదు. ఇవాళ అడగాలి. ‘ఈడ్చుకునైనా తీసుకెళ్ళు’ అని ఇవాళ ఆయన అంటే, ఆ రోజు నువ్వు ఆయన మాటే ఆయనకు గుర్తు చేస్తావు. నీ బలవంతం అవదు.

తమ్ముడు: మనమిద్దరం ఇంతసేపు వాదించుకున్నదంతా ఆయన్ని అడక్కుండానే అన్నమాట.

అక్క: అవును.

తమ్ముడు: రేపు పొద్దున టీ తాగేటప్పుడు అడుగుతా. నువ్వు మొదటి బస్సుకు వచ్చెయ్. పళ్ళ డాక్టరు దగ్గరికి అక్కణ్ణుంచే పోదాం.